డాక్టరుగారూ, ఒక్క నిమిషం!

నా నడుంనొప్పికి ఇప్పుడు 24 ఏళ్ళు. ఓటుహక్కు వచ్చి కూడా ఆరేళ్ళయింది. ఆడపిల్లయితే ఈపాటికి సంబంధాలు చూస్తూ వుండేవాళ్ళం. ఇంతకాలం ఒకే కప్పు కింద కాపురం చేశాం గనక దాని గుణగణాలన్నీ నాకు కంఠతా వచ్చు. తెల్లవారుజామున ఎలా లేస్తుందో, ఏ కుర్చీ మీద అలుగుతుందో, ముసురు పట్టినప్పుడు ఏం పేచీ పెడుతుందో చెప్పమంటే గంటసేపు చెబుతాను. చిక్కల్లా ఆ గంటని డాక్టరుగారు ఇచ్చే రెండు నిమిషాల్లో ఇమడ్చడం.

ఇది నా ఒక్కదాని గొడవే అయితే పత్రికకి ఎక్కించేదాన్ని కాదు. మీ ఇంట్లోనూ ఒకరు వుండే వుంటారు. అత్తగారి మోకాళ్ళో, అన్నగారి మెడో, కోడలి పార్శ్వపు తలనొప్పో. మూడు నెలలు దాటినా వదలని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 నుంచి అమల్లో పెట్టిన జబ్బుల పట్టికలో దీనికి సొంతంగా ఒక స్థానం కూడా ఇచ్చారు. అంతకుముందు దీన్ని ఏదో ఒక జబ్బుకి తోకగానే చూసేవారు. ఇప్పుడు ఇదీ ఒక జబ్బే. నా నడుంకి ఈ సంగతి చదివి వినిపించాను. అదేమీ సంతోషించినట్టు కనపడలేదు.

నేను పుట్టింది దిగువ అహోబిలంలో. ఉద్యోగం ఆళ్ళగడ్డ చుట్టుపక్కల. రుద్రవరం, శిరివెళ్ళ, చాగలమర్రి వైపు బళ్ళలో తెలుగు చెప్పి 2016లో విరమించాను. 30 ఏళ్ళపాటు రోజూ బస్సులో నిలబడి వెళ్ళడం, బళ్ళో నిలబడి చెప్పడం, మళ్ళీ నిలబడి రావడం. కూచునేది పరీక్షపేపర్లు దిద్దేటప్పుడే. 2001లో ఒకరోజు బస్సు దిగుతూంటే నడుం కలుక్కుమంది. అంతే! అప్పుడు వచ్చిన చుట్టం ఇప్పటికీ కదలలేదు.

మా చిన్నతనంలో మా జేజికీ నడుంనొప్పే. ఆవిడకి డాక్టరంటే ఆళ్ళగడ్డ, ఆళ్ళగడ్డ అంటే పాతిక కిలోమీటర్లపైన ప్రయాణం. అందుకని ఆవిడ ఎనిమిది కిలోమీటర్ల దూరంలో వున్న ఎగువ అహోబిలానికే వెళ్ళి స్వామికి చెప్పుకునేది. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఎక్కడెక్కడ సలుపుతోందో, ఎక్కడెక్కడ గుంజుతోందో పూసగుచ్చినట్టు చెప్పేది. ఉగ్రమూర్తి అన్న పేరేగాని, వినడంలో అంత శాంతమూర్తి మరొకరు వుండరు. మధ్యలో ‘సరే, సరే, తరవాత?’ అనడు. బల్లమీద గంట కొట్టి ఇంకొకరిని రమ్మనడు. నొప్పి తగ్గిందో లేదో నాకు తెలియదుగాని, మెట్లు దిగేటప్పుడు జేజి మొహం మాత్రం తేటగా వుండేది.

మన డాక్టర్లకి అంత తీరిక ఎక్కడిది? 67 దేశాల లెక్కలు చూసి 2017లో ఒక వైద్యపత్రికలో ఒక వ్యాసం వేశారు. మామూలు డాక్టరు ఒక్కొక్క రోగి దగ్గర గడిపే కాలం స్వీడన్‌లో ఇరవైరెండున్నర నిమిషాలట, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లట. మన దేశం సుమారు రెండు నిమిషాలు. నాకు స్వీడన్ మీద అసూయ కలిగింది. కాని బయట బెంచీల మీద కూచున్న జనాన్ని ఒకసారి చూస్తే డాక్టరుగారి మీద జాలీ కలుగుతుంది. పొద్దున వందమందిని చూడాలి. ఆ వందమందిలో నాలాంటి తెలుగు పండితురాళ్ళు నలుగురుంటే ఆయన మధ్యాహ్నం భోజనం సాయంత్రమే! అయితే ఇంకో లెక్క కూడా వుంది. అమెరికాలో ఇద్దరు వైద్యులు 1984లో కొన్ని సంభాషణలు రికార్డు చేసి చూశారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన తరవాత సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడట. అంటే తీరిక లేకపోవడం ఒకటే కారణం కాదు. అలవాటు కూడా.

ఆ 18 సెకన్లయినా నావి కావు. అవి మా వారివి.

మీరు నవ్వకండి, మీ ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. మన కుటుంబాల్లో ఆడది ఒంటరిగా డాక్టరు గదిలోకి వెళ్ళడమంటూ వుండదు. వెంట భర్తో, కొడుకో, అల్లుడో. డాక్టరుగారు ‘ఏమిటమ్మా బాధ?’ అని నన్ను అడుగుతారు. మా వారు ‘పెద్దగా ఏం లేదండీ, కాస్త నడుంనొప్పి’ అంటారు. ఆ ‘కాస్త’ అన్న ముక్క ఎక్కడిదో నాకు అర్థం కాదు. ఆయన తన జలుబుని మాత్రం ఏనాడూ కాస్త జలుబు అనలేదు. ఆ తరవాత డాక్టరుగారు కూడా నా మొహం చూడడం మానేసి, నన్ను గురించిన ప్రశ్నలు ఆయన్నే అడుగుతారు. ‘రాత్రి నిద్రపడుతుందా ఆమెకి?’ ‘పడుతుందండీ’ అంటారీయన. పడుతుందో లేదో ఆయనకెలా తెలుస్తుంది? ఆయన నిద్రపోతూంటారు గదా!

ఆయనలో ప్రేమ లేక కాదు. నాలుగు గంటలకే లేచి నీళ్ళు కాచి రబ్బరుసంచీలో పోసి ఇచ్చే మనిషి ఆయన. బాధ పెద్దదని పైకి అంటే అది నిజంగానే పెద్దదైపోతుందేమోనని ఆయన భయం. ఈ సంగతి తెలిసిన తరవాత మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. గదిలోకి ఇద్దరం వెళ్ళాలి. మొదట నేను మాట్లాడాలి. ఆయన వింటూ డాక్టరు చెప్పింది కాగితం మీద రాసుకోవాలి. ఆఖర్న ఆయనకి ఒక ప్రశ్న. ఒక్కటే! ఈ ఒప్పందం మూడునాలుగుసార్లు భంగమైనా ఇప్పుడు నిలదొక్కుకుంది. ఆయన రాసుకున్న కాగితాలు చూస్తే నాకే ఆశ్చర్యం వేస్తుంది. గదిలోంచి బయటికి వచ్చేలోగా నేను సగం మరిచిపోతాను. ఆయన కాగితంలో అన్నీ వుంటాయి, ఫ్యాను శబ్దంతో సహా.

ఇక మాటల సంగతి. నేను తెలుగు చెప్పుకుని బతికినదాన్ని గనక ఇక్కడ కాస్త చనువు తీసుకుంటాను.

ఇంగ్లీషులో ‘పెయిన్’ అనే ఒక్క ముక్క పట్టుకుని మన డాక్టర్లు ‘పెయిన్ వుందా? ఎక్కడ పెయిన్?’ అంటారు. మనమూ ‘పెయిన్ వుందండీ’ అని ఊరుకుంటాం. కాని ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? తలకీ చెవికీ పోటు, పంటికి పీకు, పిక్కలకి తీపు, మెడకి పట్టు, కంటికి మంట, అరికాలికి తిమ్మిరి, పుండుకి సలుపు, కడుపులో మెలిపెట్టడం, వెన్నులో జివ్వుమనడం, తొంటిలో గుంజడం, మోకాట్లో దొలచడం, సూదులు పొడిచినట్టుండడం, చీమలు పాకినట్టుండడం. ఇవన్నీ ఒకటేనా? పంటికి తీపు అనండి, వినేవాళ్ళు నవ్వుతారు. మన పూర్వులు ఒళ్ళంతా తడిమి ఒక్కొక్క చోటికి ఒక్కొక్క మాట పెట్టి వెళ్ళారు. ఆళ్ళగడ్డ సంతలో ముసలమ్మని అడిగితే ‘నొస్తాంది’ అని ఊరుకోదు. ఎట్లా నొస్తోందో నాలుగు రకాలు చెబుతుంది.

ఇది పండితుల చాదస్తం కాదు సుమండీ. కెనడాలో రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వుండేవాడు. రోగులు నొప్పిని ఏయే మాటల్లో చెబుతున్నారో ఏరి, జాతులవారీగా కూర్చి, 1975లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. 20 గుంపులు, 78 మాటలు. రోగి తన నొప్పికి సరిపడే మాటల్ని అందులోంచి ఏరుకోవాలి. మాటని బట్టి నొప్పి జాతి కొంత తెలుస్తుంది. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం అయితే నరం సంగతి ఆలోచించాలి. కదిలినప్పుడు పట్టేసి, పడుకుంటే తగ్గేది ఒక దారి. పొద్దున లేవగానే గంటసేపు బిగుసుకుపోయి, తిరుగుతూంటే సడలేది ఇంకో దారి, అందులో కీళ్ళవాపు వుందేమో చూడాలి. అన్నిటికీ మందు ఒకటి కాదు. మరి మన ‘పోటు’నీ ‘తీపు’నీ డాక్టరు గది గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచి, ‘పెయిన్’ ఒక్కటే లోపలికి పట్టుకెళితే ఆయనకి మాత్రం ఏం తెలుస్తుంది?

ఈ మధ్య ‘పదికి ఎన్ని మార్కులు వేస్తారు మీ నొప్పికి?’ అని అడుగుతున్నారు. మార్కులు వెయ్యడం నా వృత్తి గనక మొదట ఉత్సాహం వచ్చింది. తీరా వేద్దామంటే చెయ్యి ఆడలేదు. పదంటే ఏమిటి? కాన్పునొప్పా? నేను రెండు కాన్పులు చూశాను. ఆ లెక్కన ఇది నాలుగు. కాని కాన్పునొప్పి ఒకరోజుది, ఆఖర్న చేతిలో బిడ్డని పెట్టి పోతుంది. ఇది రోజూ నాలుగు చొప్పున 24 ఏళ్ళు వసూలు చేసింది. అందుకని మార్కుతోపాటు ఇంకో వాక్యం చేర్చడం అలవాటు చేసుకున్నాను. ‘ఆరండీ. అంటే అన్నం వార్చి గిన్నె దించలేను’ అని. ‘నాలుగండీ. అంటే గుళ్ళో ప్రదక్షిణం చెయ్యగలను, నమస్కారానికి వంగలేను’ అని. డాక్టరుగారు అంకెని రాసుకుని వాక్యాన్ని వదిలేసేవారు మొదట్లో. ఇప్పుడు వాక్యమే రాసుకుంటున్నారు. అమెరికాలో కొందరు వైద్యులు 2009లో మూడే మూడు ప్రశ్నల కొలత ఒకటి తయారుచేశారు. ఒకటి నొప్పి ఎంత అని. మిగతా రెండూ నొప్పి వల్ల జీవితంలో సుఖం ఎంత పోయింది, పనులకి ఎంత అడ్డమవుతోంది అని. అన్నం గిన్నె సంగతి వాళ్ళకీ తెలిసిందన్నమాట.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక శిల్పి వున్నాడు. ఆళ్ళగడ్డ రాతిపని ఎరగనివారు వుండరు. ఇక్కడ చెక్కిన విగ్రహాలు దేశం నలుమూలలా గుళ్ళలో వున్నాయి. అతను పన్నెండో ఏట ఉలి పట్టాడు. రోజంతా గొంతుక్కూచుని, మెడ వంచి, రాతిమీదికి ఒరిగి పని. ఉలీ సుత్తీ వున్నన్నాళ్ళు నడుమూ మెడా మాత్రమే నొచ్చేవి. రాతిని కోసే మిషన్లు వచ్చిన తరవాత వేళ్ళు పట్టుకున్నాయి. చలికాలం పొద్దున వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, తిమ్మిరెక్కి, గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది. రెండు మూడు ఊళ్ళలో చూపించుకున్నాడు. బలానికి సూదులు వేశారు. ఒకసారి నా దగ్గర కూచుని అన్నాడు: ‘టీచరమ్మా, ఇన్నిసార్లు పోతి గదా, నువ్వు ఏం పని చేస్తావప్పా అని ఒక్కరూ అడగలేదు.’

నాకు వెంటనే బెర్నార్డినో రమాజినీ గుర్తుకు వచ్చాడు. ఇటలీ దేశపు వైద్యుడు. 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని వైద్యులు అడగవలసిన పాత ప్రశ్నలకి తోడు ‘నీ వృత్తి ఏమిటి?’ అన్న ప్రశ్న కూడా చేర్చమన్నాడు. 300 ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న రాయలసీమ దాకా రావడానికి దారిలో ఎక్కడో బస్సు తప్పినట్టుంది. ‘వాళ్ళు అడక్కపోతే నువ్వే చెప్పు, మొదటి మాటగా చెప్పు’ అన్నాను. అతను ఇంకా తెలివైనవాడు. నంద్యాల వెళ్ళినప్పుడు మిషను ఫొటో సెల్‌ఫోనులో తీసుకుని వెళ్ళాడు. డాక్టరుగారు ఆ ఫొటో చూసి, మిషను అదురు వల్ల వేళ్ళలో రక్తనాళాలూ నరాలూ దెబ్బతింటాయని చెప్పి, పని మధ్యలో విరామాలు, చేతులకి వెచ్చదనం, బీడీ మానడం, వీలైతే మిషను పని తగ్గించడం చెప్పారు. బీడీ మానడం దగ్గరే ఇంకా బేరం సాగుతోంది.

వృత్తే కాదు, ఊరు కూడా చెప్పాలి. మా నల్లమల దాటి అటు దిగితే పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడు వల్ల వెన్నూ మెడా బిగుసుకుపోయి మనుషులు వంగిపోతున్నారని 1937లోనే వైద్యులు రాశారు. మన దేశంలో ఆ జబ్బు బయటపడింది అక్కడే. ఆ వైపు కోడలిని చేసుకున్నవాళ్ళు ఆమె నడుంనొప్పికి ‘పని దొంగతనం’ అని పేరు పెట్టేముందు, చిన్నప్పుడు ఏ బావి నీళ్ళు తాగిందో అడిగితే బాగుంటుంది.

ఇప్పుడు అసలు కథకి వస్తాను.

2018లో నా నొప్పి కాలిలోకి దిగింది. పిరుదు దగ్గర పట్టుకుని మడమ దాకా జివ్వున లాగేది. ఒక మహానగరంలో ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్ళాం. పేరు ఎందుకులెండి. స్కానింగు తీశారు. అక్కడి డాక్టరుగారు ఆ ఫిల్ములు వెలుతురుకేసి పట్టుకుని చూశారు. నన్ను చూసినట్టు నాకు జ్ఞాపకం లేదు. ‘నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య డిస్కు జరిగింది. ఆపరేషన్ చెయ్యాలి. వచ్చే గురువారం ఖాళీ వుంది’ అన్నారు. రెండు లక్షల ఎనభైవేలు. పదవీ విరమణ డబ్బులో పిల్లలకి ఇవ్వగా మాకు మిగిలింది మూడు లక్షలు.

ఆ రాత్రి లాడ్జిగదిలో ఇద్దరికీ నిద్ర లేదు. ఆయన పడుకున్నట్టు నటించారు, నేను నమ్మినట్టు నటించాను. తెల్లవారకముందే లేచి దీపం వేసుకుని ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాశాను. ఆపరేషన్ చేయించుకుంటే ఏది తగ్గుతుంది, కాలిలోని జివ్వుమనే నొప్పా, నడుంలోని పాత పోటా? చేయించుకోకపోతే ఏమవుతుంది? కొన్నాళ్ళు ఆగి చూడవచ్చా, ఆగితే ప్రమాదమేమన్నా వుందా? తరవాత ఎన్నాళ్ళకి నా పని నేను చేసుకుంటాను? పొద్దున వెళ్ళి కాగితం చూసి చదివాను. ఆయన ‘మీరు టీచరా?’ అన్నారు. అవునన్నాను. ‘అనుకున్నాను’ అని నవ్వి, ‘ఇష్టముంటేనే చేయించుకోండమ్మా, బలవంతం లేదు’ అని గంట నొక్కారు. జవాబు రాని పరీక్షపేపరు పట్టుకుని ఇద్దరం నంద్యాల బస్సెక్కాం.

నంద్యాలలో ఇప్పుడు నేను చూపించుకునే డాక్టరుగారు అప్పుడు పరిచయమయ్యారు. నేను ఫిల్ముల సంచి తీసి ఇవ్వబోతే ఆయన పక్కన పెట్టి, ‘సినిమా తరవాత చూద్దాం టీచర్, ముందు కథ చెప్పండి’ అన్నారు. ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 17 ఏళ్ళలో నన్ను కథ చెప్పమన్న మొదటి డాక్టరు ఆయన! తెచ్చుకున్న కాగితం చూసుకుంటూ మూడు నిమిషాల్లో చెప్పాను. ఆయన అడ్డు రాలేదు. తరవాత నన్ను పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూశారు. మడమల మీద నడవమన్నారు, మునివేళ్ళ మీద నడవమన్నారు. బొటనవేలు పైకి ఎత్తి తన వేలితో నొక్కి చూశారు. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. మా శిల్పి సుత్తి కంటే చాలా మర్యాదైన సుత్తి. అన్నీ అయిన తరవాత ఫిల్ము చూశారు.

ఆయన చెప్పింది మా వారి కాగితంలో వుంది. నొప్పి లేనివాళ్ళ వెన్నుని ఫోటో తీసినా డిస్కులు అరిగి కనపడతాయి. నడుంనొప్పి ఎరగని 3110 మంది ఫిల్ముల లెక్కలు కూర్చి 2015లో ఒక వ్యాసం వేశారు. ఇరవయ్యేళ్ళవాళ్ళలోనే నూటికి 37 మందికి డిస్కు అరుగుదల కనపడిందట. ఎనభయ్యేళ్ళవాళ్ళలో 96 మందికి. అంటే ఫిల్ములో కనపడిందల్లా నొప్పికి కారణం కాదు, నెరిసిన జుట్టు తలనొప్పికి కారణం కానట్టే. డిస్కు నరాన్ని నొక్కితే వచ్చే కాలినొప్పికి ఆపరేషన్ బాగా పనిచేస్తుంది, పాత నడుంపోటుకి అంతగా కాదు. జరిగిన డిస్కు చాలామందిలో కొన్ని నెలల్లో తనంత తాను కుదించుకుంటుంది. నా కాలిలో బలం తగ్గలేదు గనక ఆగి చూడవచ్చు.

‘కాని టీచర్, ఇవి గుర్తుపెట్టుకోండి’ అని గొంతు మార్చి చెప్పారు. పాదం పైకి లేవకుండా జారిపోతున్నా, మూత్రం గాని విరేచనం గాని అదుపు తప్పినా, ఆగిపోయినా, కూచునే చోట స్పర్శ పోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి. నొప్పితోపాటు జ్వరమున్నా, ఒళ్ళు తగ్గిపోతున్నా ఊరుకోకూడదు. ఈ ముక్క మా వారు ఎర్రసిరాతో రాసుకున్నారు.

నా కాలినొప్పి నాలుగు నెలల్లో సద్దుమణిగింది. ఆపరేషన్లు వద్దని చెప్పడానికి ఈ కథ రాయడం లేదు. మా పిన్ని కొడుకుకి పాదం జారిపోతూంటే ఆపరేషన్ చేశారు. ఆ చేసినాయనకి వాడు ఏటా సంక్రాంతికి అరిసెలు పంపిస్తాడు. వాడి జవాబు వాడిది, నా జవాబు నాది. నాకు కావలసింది నా నాలుగు ప్రశ్నలకి జవాబులు. నంద్యాలలో అవి దొరికాయి.

ఆ రోజే మందుల సంచి కూడా బల్లమీద గుమ్మరించమన్నారు. రెండు ఊళ్ళ డాక్టర్లు రాసిన రెండు మాత్రలు రెండు పేర్లతో వున్నాయి. వెనక చూస్తే లోపలి సరుకు ఒకటే, డైక్లోఫెనాక్. మొదటి చీటీని నేను రెండో డాక్టరుకి చూపించాను కూడా. ఆ రాత ఆయన అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశారు. మందుల అసలు పేర్లు, చదవగలిగేట్టు, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో వైద్యమండలి నిబంధన పెట్టింది. నిబంధన మాత్రం చక్కగా అచ్చులో వుంది. ఆ మాత్రలు ఎక్కువైతే కడుపులో పుండు, కిడ్నీకి చేటు. రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీ లెక్క కొంచెం హద్దు దాటి వుంది. అప్పటితో అవి ఆపేశారు. ఆర్నెల్లకి లెక్క మళ్ళీ దారికి వచ్చింది.

డైక్లోఫెనాక్ పేరు వినగానే నాకు రాబందులు గుర్తుకు వస్తాయి. మా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చస్తే ఆకాశం నల్లబడేది. తరవాత తరవాత అవి కనపడకుండా పోయాయి. ఎందుకో 2004లో తేలింది. పశువులకి నొప్పి తగ్గడానికి ఆ మందు వేసేవారు. ఆ పశువు కళేబరం తిన్న రాబందుకి కిడ్నీలు పాడై చచ్చిపోయేది. 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. రాబందుకీ నాకూ పోలిక లేదని డాక్టరుగారు ధైర్యం చెప్పారు. ఎంత ధైర్యం చెప్పినా, డబ్బా తియ్యబోయినప్పుడల్లా నాకు ఆ పక్షి రెక్కల చప్పుడు వినిపిస్తూనే వుంది.

‘ఏమీ లేదమ్మా, వయసు’, ‘ఏమీ లేదమ్మా, దిగులు’ అన్న మందులు కూడా నేను చాలా మింగాను. ఆడవాళ్ళకి ఇవి ఉచితంగా ఇస్తారు. దిగులుకీ నొప్పికీ సంబంధం లేకపోలేదు. మెల్జాక్, పాట్రిక్ వాల్ కలిసి 1965లో చెప్పారు, వెన్నుపాములో ఒక తలుపులాంటిది వుంటుందనీ, మెదడు నుంచి వచ్చే కబురు దాన్ని తెరవగలదు, మూయగలదు అనీ. పిల్లవాడు పడితే తల్లి మోకాలు నిమరడం ఆ తలుపు దగ్గరికి వేసే పనే. దిగులు దాన్ని బార్లా తెరుస్తుంది. అలాగని నొప్పి అబద్ధమా? నొప్పిని పరిశోధించేవారి అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనం సవరించినప్పుడు, మనిషి తనకు నొప్పిగా వుందని చెబితే ఆ మాటని గౌరవించాలని కూడా రాసింది. ‘దిగులా?’ అని అడిగిన డాక్టరుకి నేను ఇప్పుడు ‘వుందండీ, నొప్పి వల్ల వచ్చింది. రెండూ చూడండి’ అంటాను. ఆ మాట అనడానికి కొంత గొంతు పెంచుకోవలసి వస్తుంది. కాని కోపంగా కాదు. వెనక బెంచీ పిల్లలకి వినపడేటంత.

నంద్యాల డాక్టరుగారు ఒకసారి వింత ప్రశ్న వేశారు. ‘నొప్పి పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వలేను. సగం తగ్గిందనుకోండి, మొదట ఏం పని చేస్తారు?’ అన్నారు. ఆలోచించి చెప్పాను. అహోబిలం పార్వేట కనుమనాడు మొదలై నలభై రోజులపైన సాగుతుంది. స్వామి తన పెళ్ళికి తానే పిలవడానికి చుట్టుపక్కల ఊరూరా పల్లకిలో తిరుగుతాడు. మా అత్తగారి ఊరు వచ్చినప్పుడు పల్లకి వెంట వీధి చివరిదాకా నడవాలని నా కోరిక. ఏడేళ్ళుగా అరుగు మీది కుర్చీలోంచే దణ్ణం పెడుతున్నాను. ఆయన నవ్వలేదు. ‘వీధి ఎంత పొడుగు?’ అన్నారు. మూడు వందల అడుగులుంటుందన్నాను. ‘అయితే రోజుకి ముప్ఫై అడుగులతో మొదలుపెట్టండి. నొప్పి వచ్చిందని మానవద్దు, రాలేదని రెండింతలు చెయ్యవద్దు’ అని, వ్యాయామం నేర్పే అమ్మాయికి చీటీలో ‘పల్లకి, 300 అడుగులు’ అని రాశారు. నా చీటీలన్నిటిలోనూ చదవగలిగిన మొదటి చీటీ అది.

మొదటి ఏడు వీధి మధ్యలో మారెమ్మ చెట్టు దగ్గర ఆగిపోయాను. రెండో ఏడు చివరిదాకా నడిచాను. ఆ రాత్రి నొప్పి పదికి ఏడు. మర్నాడు మూడు. ఈ మూడు వాక్యాలూ అలాగే కాగితం మీద రాసి తీసుకెళ్ళి ఇస్తే ఆయన ఫైలులో పెట్టుకున్నారు.

వచ్చే బుధవారం మళ్ళీ నంద్యాల వెళ్ళాలి. కాగితం సిద్ధం చేస్తున్నాను. ఒకటి: కొత్త మాత్ర వేసుకున్న తరవాత పొద్దున తల తిరుగుతోంది. రెండు: ఎడమ పిక్కలో కొత్తగా తిమ్మిరి, రోజుకి రెండుసార్లు, పావుగంట. మూడు: మనమరాలిని ఎత్తుకోవచ్చా? అది ఎనిమిది కిలోలుంది. నాలుగోది ఏదో రాద్దామని కలం పట్టుకుంటే మా వారు పక్కన చేరి, తన మోకాలి సంగతి కూడా అందులో ఇరికించమంటున్నారు. ‘ఎలా వుంటుందండీ మీ మోకాలు?’ అని అడిగాను. ‘ఏముంది, కాస్త నొప్పి’ అన్నారు. వేరే కాగితం ఇచ్చి కూచోబెట్టాను. అరగంటయింది, ఇంకా రాస్తూనే వున్నారు.